కాగితమంత తేడా!

‘‘ఆ జింక ఏమైంది నాన్నా?’’

పదకొండేళ్ల కూతురు అడిగిన ఆ చిన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. 2023 నవంబరు చివర్లో, పెన్సిల్వేనియా కొండల్లో, తొలిసారి వేటకెళ్లిన రోజు అది. నూటయాభై మీటర్ల దూరంలో తెల్లతోక జింక. గురి చూసి కాల్చాడు. గుండెకు తగలాల్సిన తూటా పొట్టకు తగిలింది. జింక పొదల్లోకి దూకి మాయమైంది. నెత్తుటి చుక్కల వెంట చీకటిపడేదాకా వెతికారు. వాగు దగ్గర ఆ చుక్కలూ ఆగిపోయాయి.

ఆయనది నల్గొండ జిల్లా. పిట్స్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్కడి పౌరసత్వం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటే జైలే. అక్కడ అలా కాదు. శిక్షణ తరగతికి హాజరై, లైసెన్సు తీసుకుని, కంటికి కొట్టొచ్చే నారింజ రంగు కోటు వేసుకుని అడవికి వెళ్లొచ్చు. ఒకప్పుడు థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం జింకల సీజను మొదలయ్యేది. 2019 నుంచి శనివారానికి మారింది. పక్కింటి పెద్దాయన రమ్మంటే ఈయన సరదాపడ్డాడు. ‘‘మనకెందుకండీ ఆ పాపం’’ అని భార్య అప్పుడే అంది.

ఇంటికొచ్చాక పెద్దాయన తుపాకీ మీదున్న స్కోపును చేత్తో పట్టుకుని ఊపాడు. కదిలింది! నెల కిందట పలక మీద కాల్చి చూసినప్పుడు అన్నీ సరిగ్గానే తగిలాయి మరి. తర్వాత కారు కుదుపులకీ, కాల్చినప్పుడల్లా వచ్చే వెనక్కి తన్నుకీ రింగుల స్క్రూలు వదులైపోయాయి. తుపాకీకీ స్కోపుకీ వందల డాలర్లు పోసిన మనిషి, ఆ రెంటినీ కలిపి పట్టుకునే రింగుల దగ్గర పొదుపు చేశాడు. ఇరవై డాలర్లవి కొన్నాడు. పెళ్లికి లక్షలు ఖర్చుపెట్టి షామియానా తాళ్ల దగ్గర బేరమాడినట్టు!

ఇంజినీరు కదా, ఆ రాత్రి లెక్క వేశాడు. రెండు రింగుల మధ్య దూరం 125 మిల్లీమీటర్లు. అందులో ఒకటి 0.1 మిల్లీమీటరు, అంటే ఓ కాగితం మందమంత పక్కకు జరిగితే, వంద మీటర్ల దగ్గర గురి 8 సెంటీమీటర్లు తప్పుతుంది. నూటయాభైకి 12. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అటూఇటూగా 20 సెంటీమీటర్ల వెడల్పు. నడిమధ్యన గురిపెట్టినా కాగితమంత తేడాకే తూటా ఆ చోటు దాటిపోతుంది. ఆయన రింగులు కాగితంతో ఆగలేదు.

వారంలో గుడికి వెళ్లాడు. పెన్‌హిల్స్ వెంకన్న ఎదుట కళ్లు మూసుకున్నా ఆ వాగే కనిపించింది.

కొత్త రింగుల కోసం దుకాణానికి వెళ్తే అదో ప్రపంచం. స్కోపు గొట్టం కొన్నింటికి అంగుళం, కొన్నింటికి 30 మిల్లీమీటర్లు. ఒకదాని రింగు ఇంకోదానికి పట్టదు. తుపాకీ మీద బిగించే పట్టాలోనూ రకాలే. వీవర్ పట్టా గాడి సన్నం, పికటినీ గాడి వెడల్పు. వీవర్ రింగు పికటినీలో కూర్చుంటుంది గానీ, పికటినీ రింగు వీవర్‌లో చాలాసార్లు దూరదు. తర్వాత ఎత్తు. ముందు అద్దం పెద్దదైతే వెలుతురు ఎక్కువొస్తుందని ఆయన 50 మిల్లీమీటర్ల స్కోపు కొన్నాడు. అది గొట్టానికి తగలకుండా ఎత్తు రింగులు వేశాడు. దాంతో చెంప తుపాకీ చెక్కకు ఆనకుండా గాల్లో ఉండేది. చెంప ఆనకపోతే కన్ను రోజుకో చోట ఉంటుంది. పెద్దాయన మాట విని 40 మిల్లీమీటర్లకు మారాడు. గొట్టానికి తగలనంత వరకూ ఎంత కిందికుంటే అంత మంచిది.

బిగించడమూ ఓ విద్యే. వదులైతే జారుతుంది, బలంకొద్దీ తిప్పితే గొట్టం సొట్టపోతుంది. అందుకే బలాన్ని కొలిచే స్క్రూడ్రైవరు కొన్నాడు. తయారీదారు చెప్పిన అంకె దగ్గర ‘టిక్’మంటుంది. పట్టా స్క్రూలకు జిగురు చుక్క వేశాడు. కంటికీ స్కోపుకీ మధ్య తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఎడం ఉంచాడు. లేకపోతే తుపాకీ తన్నినప్పుడు కనుబొమ్మ చిట్లుతుంది.

వేసవంతా పలక మీద కాల్చాడు. కారులో తిప్పి, మళ్లీ కాల్చాడు. కూతురు బడి స్కేలుతో చిల్లుల మధ్య దూరం కొలిచి నోటుపుస్తకంలో రాసింది.

2024 సీజను మొదటిరోజు. భార్య మాట్లాడకుండా పులిహోర డబ్బా చేతికిచ్చింది. సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చాడు. కూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది.

‘‘వచ్చిందా నాన్నా?’’

‘‘వచ్చిందమ్మా. కొమ్మ అడ్డుంది. కాల్చలేదు.’’

ఆ పిల్ల తూటాల డబ్బా అడిగి తీసుకుంది. ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఐదుకు ఐదూ ఉన్నాయి.