చీకటిగది విడిచిన చేతులు

ఎర్రదీపం వెలుగులో, డెవలపర్ ట్రేలోని తెల్లకాగితంపై ఒక ముఖం మెల్లగా తేలిరావడం చూసినవారు ఆ దృశ్యాన్ని మరువలేరు. నేనూ ఏళ్ళ తరబడి ఆ మోహంలో ఉన్నవాడినే. అయితే వేళ్ళ సందుల్లో దురద, ఆపై పగుళ్ళు మొదలయ్యాయి. రోగులను తాకే చేతులకు పగుళ్ళు తగవు కదా! కారణం డెవలపర్‌లోని మెటాల్. దానికి ఒకసారి ఎలర్జీ ఏర్పడితే, ఆ తరువాత స్వల్ప స్పర్శ కూడా వ్యాధిని తిరగబెట్టగలదు. ఆమ్ల ఫిక్సర్ నుండి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ ఉబ్బస రోగులకు మరీ చెరుపు. మీ ఇంట ఇంకా చీకటిగది ఉంటే నైట్రైల్ తొడుగులు, గాలిని బయటకు లాగే ఫ్యాను తప్పనిసరి.

ఇప్పుడు నేను పాత నెగటివ్‌లను స్కాన్ చేసి, పలు బూడిదరంగు సిరాలున్న ప్రింటర్‌తో నూలు కాగితంపై ముద్రిస్తున్నాను. తెర స్వయంగా వెలుగుతుంది. కాగితం తనపై పడిన వెలుగునే తిరిగి ఇస్తుంది. అందుకే తెరపై విడివిడిగా కనిపించిన నీడలు కాగితంపై ముద్దకట్టవచ్చు. తెర కాంతిని తగ్గించండి, కళ్ళకూ హాయి. పూర్వంలాగే చిన్న ముక్కపై పరీక్షించి చూడండి.

మెరుపు కాగితపు గాఢమైన నలుపు దీనికి లేదు, నిజమే. కానీ మొన్న ముద్రించిన మా అమ్మగారి చిత్రంలో చీర జరీ అంచు ప్రతి మడతలోనూ కనిపించింది.