రాంపురం చాకుల బజారు

"నైనితాల్ చూద్దామని బయల్దేరి, నడిమధ్యన చాకుల కోసం దిగడమేమిటండీ? విన్నవాళ్ళు ఏమనుకుంటారు?" అంది మా ఆవిడ, రైలు మురాదాబాద్ దాటుతూండగా.

ఏమనుకుంటారో నాకు మాత్రం తెలియదా? రాంపురీ అనేసరికి మనవాళ్ళ కళ్ళముందు మెడకు రుమాలు చుట్టుకున్న సినిమా రౌడీ నిలబడతాడు. జేబులోంచి తీస్తాడు, టకటకమంటుంది, పక్కన ఎవరో కెవ్వుమంటారు. కాని నా జేబులో ఉన్న చాకు ఆ జాతిది కాదు. అది మా నాన్నగారిది. ఆయన రైల్వే పార్సెల్ ఆఫీసులో ముప్పయ్యేళ్ళు గుమాస్తా. ఉత్తరాదినుంచి బదిలీ మీద వచ్చిన స్నేహితుడొకాయన, తిరిగి వెళ్ళిపోతూ, "అసలు సిసలు రాంపురీ, ఉంచుకోండి" అని ఆయన చేతిలో పెట్టాడట. కొమ్ము పిడి, రెండు చివరలా ఇత్తడి, మూడంగుళాలకు మించని అలుగు. దానితోనే ఆయన పార్సెళ్ళ పురికొసలు కోశారు, మాకు పెన్సిళ్ళు చెక్కారు, ఒక్క జామకాయను ఆరుగురు పిల్లలకు ఆరు ముక్కలు చేశారు. ఏనాడూ ఒక ముక్క పెద్దదీ, ఒకటి చిన్నదీ అని మేము పోట్లాడుకునే అవకాశం ఇవ్వలేదు. ఇంటికొచ్చినవారికి దాన్ని తెరిచి చూపి, "రాంపురీ సుమండీ!" అనేవారు. ఆయన జీవితంలో చేసిన గొప్ప అదొక్కటే.

పంపకాలలో గోడ గడియారం అన్నయ్యకూ, చాకు నాకూ వచ్చాయి. రెండేళ్ళ క్రితం దాని వీపుబద్ద విరిగింది. వీపుబద్ద అంటే పిడి వెనుకవైపు పొడుగునా ఉండే స్ప్రింగు. అలుగును తెరిచినప్పుడు తెరిచినట్టూ, మూసినప్పుడు మూసినట్టూ బిగబట్టేది అదే. అది పోతే అలుగు గొళ్ళెం ఊడిన తలుపులాగా అటూ ఇటూ ఊగుతుంది. సాన పట్టేవాడికి చూపిస్తే, "కొత్తది కొనుక్కోండి సార్, నూటయాభైకి దొరుకుతుంది" అన్నాడు. అన్నయ్య మాత్రం, "ఎప్పుడైనా అటువైపు వెళితే దాని పుట్టింటివాళ్ళకే చూపించరా" అన్నాడు. ఆ మాట నా మనస్సులో పడిపోయింది.

ఢిల్లీలో ఒకచోట తనిఖీ దగ్గర జవాను దాన్ని పట్టుకున్నాడు. తెరిచాడు, అలుగు దానంతటదే వాలిపోయింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ వాలిపోయింది. నా ముఖంకేసి జాలిగా చూసి, సంచిలో అడుగున పెట్టుకోమని ఇచ్చేశాడు. చాకు విరిగినందుకు సంతోషించింది ఆ ఒక్క నిముషమే.

ఢిల్లీకి సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, కాఠ్‌గోదాం వెళ్ళే దారిలో ఉంటుంది రాంపూర్. 1774లో నవాబు ఫైజుల్లాఖాన్‌తో మొదలైన సంస్థానం. 1949లో భారతదేశంలో కలిసిపోయింది. కోటలో హామిద్ మంజిల్ అనే భవనంలో రజా గ్రంథాలయం ఉంది. నవాబులు తరతరాలుగా కూడబెట్టిన వ్రాతప్రతులు, సుమారు పదిహేడు వేలు, అందులో తాటాకు ప్రతులతో సహా, అక్కడ భద్రంగా ఉన్నాయి. 1975లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని కేంద్ర ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. రాంపూర్-సహస్వాన్ ఘరానా పేరులోని రాంపూర్ కూడా ఇదే. ఇంత చదువూ, ఇంత సంగీతమూ ఉన్న ఊరి పేరు చెబితే జనానికి జ్ఞాపకం వచ్చేది చాకు! ఊరివాళ్ళు కూడా చివరికి దానితో రాజీపడ్డట్టున్నారు. 2023 మార్చిలో ఒక కూడలిలో ఇరవై అడుగుల చాకును నిలబెట్టి, దానికి చాకూ చౌరాహా అని పేరు పెట్టుకున్నారు. మా అమ్మాయి దాని కింద నిలబడి ఫోటో తీయించుకుంది. ఆ తరువాత ఆడవాళ్ళిద్దరూ గ్రంథాలయానికి, నేను చాకుల బజారుకు.

బజారంటే పెద్ద బజారేమీ కాదు. ఒకప్పుడు వరుసగా చాకుల దుకాణాలే ఉండేవట. ఇప్పుడు వాటి మధ్య సెల్‌ఫోన్లూ, చెప్పులూ, పెళ్ళిబట్టలూ దూరిపోయాయి. మిగిలిన కొద్ది దుకాణాలలో ఒకదానిముందు ఆగాను. లోపల ఒక ముసలాయన, తెల్లగడ్డం, ముక్కు చివర కళ్ళజోడు. నా సికిందరాబాదు ఉర్దూ విని ఆయనకు నవ్వొచ్చింది. "దక్కన్‌నుంచా! కూర్చోండి బాబూజీ" అన్నాడు. నేను "ఉస్తాద్" అన్నాను. ఆ పిలుపుతో టీ వచ్చింది.

నా చాకు చేతికి తీసుకున్నాడు గాని వెంటనే ఏమీ చెప్పలేదు. పక్కన పెట్టి, "మీరు జేబులో ఏ చాకు పెట్టుకుంటారు, ఎందుకు పెట్టుకుంటారు?" అని నన్నే ఎదురడిగాడు. తరువాత గుడ్డ పరిచి మూడు వస్తువులు వరుసగా పెట్టాడు.

మొదటిది మడత లేని కత్తి. అలుగు ఉక్కే తోకలాగా సాగి పిడిలోకి పోతుంది, రెండు చీలలతో బిగిస్తారు. మూడింటిలోకీ గట్టిది ఇదే. వదులయ్యే కీలు లేదు, మట్టి చేరే సందు లేదు, కడిగి తుడిస్తే సరి. మన గీతపనివారి కత్తి, కొబ్బరిబోండాలవాడి కత్తి ఈ కులంవే. ఆ మాటకొస్తే మా వంటింటి కత్తిపీట కూడాను. సిక్కుల కృపాణం సంగతి వేరు, దానికి రాజ్యాంగం 25వ అధికరణంలోనే చోటుంది. కాని నావంటివాడు దీన్ని ఎక్కడ పెట్టుకుంటాడు? ఒర కావాలి, మొలకు పటకా కావాలి. సిటీబస్సులో కూర్చుంటే డొక్కలో పొడుస్తుంది. బ్యాంకుకు వెళితే నేను డబ్బు తీసుకోవడానికి వచ్చానని ఎవరూ అనుకోరు. డబ్బు ఎత్తుకుపోవడానికే వచ్చాననుకుంటారు.

రెండవది చూపించేముందు ఉస్తాద్ వీధివైపు ఒకసారి చూశాడు. బొత్తాం చాకు. "మా నాన్న చేసింది. లోపలి స్ప్రింగు నేనే తీసేశాను. ఇప్పుడిది బొమ్మ" అన్నాడు. పిడి విప్పదీసి కిటుకు చూపించాడు. ఈ రకంలో మూసి ఉన్నంతసేపూ స్ప్రింగు అలుగును బయటికి తోస్తూనే ఉంటుంది. ఒక చిన్న మేకు దాన్ని ఆపుతుంది. బొత్తాం నొక్కితే మేకు తప్పుకుంటుంది, అలుగు ఎగిరి వస్తుంది. అంతే, బ్రహ్మవిద్య ఏమీ లేదు. "అందరూ దాని వేగం చూస్తారు. నేను ఆ మేకును చూస్తాను. అది అరిగిందనుకోండి, చాకు తెరుచుకోవాలా వద్దా అన్నది జేబులో తాళంచెవి నిర్ణయిస్తుంది" అన్నాడు. పైగా లోపల ఇసుకో, నూలుపోగో చేరితే అలుగు సగందాకా వచ్చి ఆగిపోతుందట.

సినిమాలవాళ్ళు దీనికి ఎంత గొప్ప తెచ్చారో అంత చేటూ తెచ్చారు. అమెరికా 1958లో, ఇంగ్లండు 1959లో ఈ జాతి మీద చట్టాలు చేశాయి. అమెరికా చట్టంలో ఒక మినహాయింపు ఉంది: ఒక్క చెయ్యే ఉన్న మనిషి మూడంగుళాలలోపు అలుగు ఉన్నదాన్ని తనతో ఉంచుకోవచ్చు. నిజమే, ఒంటిచేత్తో మడత చాకు తెరవడం ఎంత కష్టమో అవసరం పడ్డవాడికే తెలుస్తుంది. బొత్తాం చాకుకు నాకు తోచిన న్యాయమైన ప్రయోజనం అదొక్కటే. మనదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద 1962లో చేసిన నిబంధనలు తొమ్మిదంగుళాలకు మించిన పొడవో, రెండంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాలలో చేర్చాయి. ఇంటికీ సేద్యానికీ పనికొచ్చేవాటిని వదిలేశాయి. ఢిల్లీవారు 1980లో ఇంకా బిగించి, బొత్తాంతోగాని, స్ప్రింగుతోగాని, పళ్ళచక్రంతోగాని తెరుచుకునే చాకులకు 7.62 సెంటీమీటర్ల దగ్గర గీత గీశారు. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన అలుగుల తయారీని ఆపేసింది. రాంపూరు పేరు తెచ్చుకున్నది తొమ్మిదీ, పదీ, పన్నెండంగుళాల అలుగులతో! "మా చేతులు నరికినంత పనయింది" అన్నాడు ఉస్తాద్. ఒక క్షణం ఆగి, "కాని బాబూజీ, వార్తల్లో రాంపురీ అని చదివినప్పుడల్లా నా గుండె కూడా దడదడలాడేది. మా వీధిదేనేమో అని" అన్నాడు. ఇప్పుడాయన ఎక్కువగా వంటింటి కత్తులే చేస్తున్నాడు. కొడుకు ఈ-రిక్షా నడుపుతున్నాడు.

మూడవది మడత చాకు. ఇందులోనూ రెండు తెగలు. పాత రాంపురీలో అలుగు మడమకు రంపంలాగా పళ్ళు ఉంటాయి. తెరుస్తూంటే స్ప్రింగు ఒక్కొక్క పన్ను మీదా పడి కట్ కట్ కట్ మంటుంది. స్పెయిన్ దేశపు నవాహా చాకులదీ ఇదే సంగీతం. మామూలు జేబుచాకులో పళ్ళూ లేవు, తాళమూ లేదు. వీపుబద్ద బిగువే ఆధారం. కోసినంతసేపూ ఫరవాలేదు గాని, మొనతో పొడవబోతే అలుగు వెనక్కి మడుచుకుని మన వేలునే కోస్తుంది. ఫ్రాన్సులో ఒపినెల్ అనే కంపెనీ 1890నుంచి కొయ్యపిడి చాకులు చేస్తోంది. ఈ ప్రమాదం తప్పించడానికే 1955లో వాళ్ళు మెడ దగ్గర ఒక కడియం అమర్చారు, తిప్పితే అలుగు కదలదు. ఉస్తాద్‌కు ఆ సంగతి చెబితే నేలమీద సున్నపుముక్కతో బొమ్మ గీయించుకుని మరీ చూశాడు.

"మరి గృహస్థుకు ఏది మంచిదంటారు?" అని అడిగాను.

"పురికొస కోయాలి, పండు కోయాలి, ఉత్తరం చింపాలి. అంతేనా? రెండు చేతులతో నిదానంగా తెరవవలసిన చాకు మంచిది. తెరిచేలోగా కోపం ఉంటే పోతుంది" అని నవ్వాడు. నేనూ అదే పక్షం. జేబులో మొన బయటికి ఉండకూడదు, అక్కరలేనప్పుడు తెరుచుకోకూడదు, పక్కవాడు చూసి బెదరకూడదు. ఈ మూడూ మడత చాకులోనే కుదురుతాయి. బలం మాటకు వస్తే మడత లేనిదే నెగ్గుతుంది, కాదనను. కాని దాని చోటు ఇల్లూ, తోటా.

అప్పుడు నా చాకు చేతిలోకి తీసుకున్నాడు. పాత చీలను నొక్కి తీసి, విరిగిన బద్దను చూశాడు. ఒక ఉక్కు రేకును ఆకురాయితో అరగదీసి అదే కొలతకు తెచ్చాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. ఇక్కడితో ఆపితే గాజులాగా పుటుక్కుమంటుందట. అంచేత దాన్ని మెరిసేలా రుద్ది మళ్ళీ సన్ననిసెగన పట్టుకున్నాడు. రంగు గడ్డిపసుపయింది, గోధుమరంగయింది, ఊదాకు తిరిగి, నీలం వచ్చింది. నీలం రాగానే టక్కున తీశాడు. "ఈ రంగు రెప్పపాటు దాటితే స్ప్రింగు మెత్తబడుతుంది" అన్నాడు. నేను కాసేపు ఊపిరి తీయడం మరిచిపోయాను.

ఇత్తడి చీల కొట్టి, తుడిచి, తెరిచి, మూశాడు. టక్. చిన్నప్పుడు పక్కగదిలోంచి వినిపించే చప్పుడే! నా కళ్ళు చెమర్చిన సంగతి ఆయన కనిపెట్టాడు కాబోలు, తల వంచుకునే చెప్పాడు:

"ఒక మాట. ఇది రాంపురీ కాదు."

నాకు అర్థం కాలేదు.

"ఇత్తడి మేము ఇలా అతకం. మడమ ఇలా కోయం. ఎక్కడో మంచి కార్ఖానాలో చేసింది. ముద్ర అరిగిపోయింది. మీ నాన్నగారికి ఎవరిచ్చారో వాళ్ళూ నిజమనుకునే ఇచ్చి ఉంటారు. మా ఊరి పేరు చెబితే అప్పట్లో ఏ చాకైనా అమ్ముడుపోయేది."

పనికి రెండు వందలు తీసుకున్నాడు. వద్దంటున్నా చేతిలో ఇంకో వంద పెట్టి, ఇంటికోసం ఒక కూరగాయల కత్తి కొన్నాను. దానిమీద మాత్రం రాంపూర్ అని ఉర్దూలో చెక్కి ఉంది.

కోటగుమ్మం దగ్గర మా ఆవిడా, అమ్మాయీ కనిపించారు. "బాగయిందా?" అంది ఆవిడ. తెరిచి చూపించాను. అలుగును వేలితో అటూ ఇటూ నొక్కి చూసి, "ఊగడం లేదు" అంది. అసలు సంగతి ఆవిడకు చెప్పాను. కాసేపు ఊరుకుని, "మామయ్యగారికి తెలియకుండా పోవడమే మంచిదయింది" అంది.

ఆ రాత్రి నైనితాల్‌నుంచి అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఏరా, రాంపురీని రాంపూర్‌లోనే బాగుచేయించావా?" అన్నాడు ఉత్సాహంగా.

"చేయించానన్నయ్యా. అచ్చం మునుపటిలాగే ఉంది" అన్నాను.