తమ్ముడి నాణేలు, నా ఖాతా

నవంబరు మొదటి వారంలో జీతం పడింది. తీద్దామంటే రాలేదు. ఫోన్‌పే ఫెయిల్ అంది. ఏటీఎంలోనూ అంతే. నేను తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇంటి అద్దె, బాబు ఫీజు, పాల డబ్బులు అన్నీ ఆ ఖాతాలోంచే వెళ్తాయి. బ్యాంకులో కౌంటర్ దగ్గర అమ్మాయి కంప్యూటర్ చూసి గొంతు తగ్గించి చెప్పింది. "మేడమ్, మీ ఖాతా మీద సైబర్ కంప్లైంట్ ఉంది. డెబిట్ ఫ్రీజ్ పెట్టారు."

నా వెనక వరసలో మా క్లాసు పిల్లవాడి తండ్రి ఉన్నాడు. ఆయన విన్నాడో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఇది మొదలైంది ఆగస్టులో. ఎన్టీఆర్ శతజయంతికి కేంద్రం వంద రూపాయల నాణెం తెచ్చింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి. హైదరాబాద్ మింట్‌లోనే ముద్రించారు. ఇలాంటివి చలామణిలోకి రావు. ముఖవిలువ వందే అయినా, పెట్టెతో కలిపి నాలుగు వేల పైచిలుకు పెట్టి కొనుక్కోవాలి. మొదటి విడతలో చేసినవి 12 వేలు. ఆయన ఫొటో పూజగదిలో పెట్టుకున్న ఇళ్ళు ఎన్ని లేవు మన దగ్గర? ఆ 12 వేలు ఏ మూలకు?

తమ్ముడికి చిన్నప్పటి నుంచి నాణేల పిచ్చి. తన పేరు మీద ఒకటి, స్నేహితుల పేర్ల మీద కొన్ని బుక్ చేయించాడు. వాళ్ళకు డబ్బు తనే ఇచ్చాడు. ఒక్కటీ ఇంటికి రాకముందే వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకానికి పెట్టాడు, దాదాపు రెట్టింపు ధరకు. పోస్టులో నాణెం ఫొటో ఉంది. అది ఎక్కడినుంచో తీసుకున్న ఫొటో. "నా దగ్గర ఉంది" అని ఎక్కడా రాయలేదు, "ఇంకా రాలేదు" అనీ రాయలేదు. చూసినవాళ్ళు ఉందనే అనుకుంటారు కదా. తన యాప్ ఏదో ఇబ్బంది పెడుతోందని, "కొన్నాళ్ళు నీ నంబరుకు వేయిస్తానక్కా" అన్నాడు. సరేనన్నాను. డబ్బు వచ్చిన రోజే వాడి చేతికిచ్చేదాన్ని. వాడు దాన్ని ఇంకో నాణేల సెట్టు బుకింగుకు పెట్టాడు.

దసరా ముందు నాణేలు వచ్చాయి. అప్పటికి బయట ధర ఇంకా పెరిగింది. స్నేహితుల్లో ఇద్దరు తమ నాణేలు ఇవ్వబోమన్నారు. ఒకడి నాన్నగారు దాన్ని దేవుడి గూట్లో పెట్టేశారట, తియ్యనివ్వడం లేదట. ఇద్దరూ తమ్ముడి డబ్బు తిరిగి ఇచ్చేశారు. వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళ పేరు మీద వచ్చిన నాణెం అది. కానీ ఆ రెండు నాణేలూ అప్పటికే ఎవరికో అమ్ముడుపోయాయి. బయట కొని ఇద్దామంటే తీసుకున్న దానికంటే ఎక్కువ కావాలి. వాడు కొనేవాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేశాడు.

అలా కొన్నవాళ్ళలో నల్లగొండ జిల్లా నుంచి ఒకాయన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. డబ్బు వెళ్ళిన ఖాతా నాది. కాబట్టి ఆగింది నా ఖాతా.

రెండు రాత్రులు మావారికి చెప్పలేదు. బాబు ఫీజు గురించి అడిగితే సర్వర్ డౌన్ అన్నాను. పోలీసులు స్కూలుకు వస్తారేమోనని గేటు చప్పుడైనప్పుడల్లా పాఠం ఆగిపోయేది. తమ్ముడి మీద అరవాలని వెళ్ళాను. వాడు గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. వాడేమైనా చేసుకుంటాడేమోనన్న భయం ముందు కోపం నిలబడలేదు.

దారి చూపింది ఆ బ్యాంకు అమ్మాయే. ఫిర్యాదు నంబరు, ఏ స్టేషనో కాగితం మీద రాసిచ్చింది. "ఖాతా మేం తెరవలేం మేడమ్. అక్కణ్ణుంచి లెటర్ రావాలి" అంది. మా హెచ్.ఎం. మేడమ్ ఏమీ అడక్కుండా ఆ నెల ఖర్చుకు డబ్బు చేతిలో పెట్టారు. ఆ రోజు ఆమె ముందు ఏడ్చాను. మావారు అప్పుడు తెలిసి కోప్పడ్డారు గానీ, నల్లగొండకు బండి తీసింది ఆయనే.

ఫిర్యాదు చేసినాయన రిటైరైన ఆర్టీసీ కండక్టర్. తొంభై దాటిన వాళ్ళ అమ్మగారికి చూపించాలని కొన్నారట. "డబ్బు పోతే పోయిందమ్మా, ఫోన్ ఎత్తితే చాలనుకున్నా" అన్నారు. ఆ మాట నాకు పోలీస్ స్టేషన్ కంటే కష్టమైంది. తమ్ముడు తన సొంత నాణెం తీసి ఆయన ముందు పెట్టాడు. నాణెం అందని రెండో ఆయనకు డబ్బు వెనక్కి వేశాం. కండక్టర్ గారు మాతో స్టేషనుకు వచ్చి రాసిచ్చారు. అక్కణ్ణుంచి బ్యాంకుకు లెటర్ వెళ్ళాక కూడా ఖాతా తెరుచుకునేసరికి సంక్రాంతి దగ్గర పడింది.

మీ ఖాతా ఇలా ఆగితే ముందు ఫిర్యాదు నంబరు, స్టేషన్ పేరు బ్యాంకులో అడిగి తీసుకోండి. దాచుకోకుండా ఇంట్లో చెప్పండి. ఆ డబ్బు ఎందుకు వచ్చిందో చూపే మెసేజీలు ఏవీ చెరపొద్దు. పోలీసులు మమ్మల్ని కొంత నమ్మింది ఆ మెసేజీల వల్లే.

చేతిలో లేనిది అమ్మడమే నేరమా అని మాకు తెలిసిన లాయరు గారిని అడిగాను. కాదన్నారు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, ముందు ముందు చేతికి రాబోయే వస్తువు అమ్మకాన్ని కూడా ఒప్పుకుంటుందట. అయితే అది అప్పటికి అమ్మకం కాదు, అమ్ముతానన్న ఒప్పందం మాత్రమే. కొనేవాడికి ఆ సంగతి తెలియాలి కదా అని నేనన్నాను. వాడి దగ్గర లేదని తెలిస్తే కండక్టర్ గారు ఆ ధర పెట్టేవారా? ఆ డబ్బును కదపకుండా ఉంచినా, ఫోన్ ఎత్తి రాలేదని చెప్పినా సరిపోయేది.

తమ్ముడు ఇప్పటికీ నాణేలు అమ్ముతాడు. బుక్ చేసినవైతే పోస్టులోనే రాస్తున్నాడు: "ఇంకా రాలేదు. రాకపోవచ్చు. వచ్చాకే డబ్బు." బేరాలు సగానికి పడిపోయాయని మొన్న అన్నాడు. పడనీ అన్నాను.