ఏమైనా విశేషమా?

ముప్పై అయిదో ఏట నాకు బీపీ వచ్చింది. రెండు మందులు కలిపిన మాత్ర రాశారు డాక్టరు: టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. రోజుకొక్కటే, మర్చిపోయే బెడద తక్కువ. ఆవకాయ తగ్గించమన్నారు. పరిశోధన ఒత్తిడి గురించీ అడిగారు.

ఏడు నెలల తర్వాత డబ్బాలోని కాగితం చదివాను. గర్భిణులు వాడకూడదట. టెల్మిసార్టాన్ కడుపులోని బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీయగలదు. అప్పటికే మేం బిడ్డ కావాలనుకుంటున్నాం.

అత్తగారు, పక్కింటావిడ, డిపార్ట్‌మెంట్‌లో సహోద్యోగులు, అందరూ "ఏమైనా విశేషమా?" అని అడిగినవాళ్ళే. అడగాల్సిన డాక్టరొక్కరే అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ ప్రశ్న వినపడని గది అదొక్కటే కదా అని హాయిగా కూర్చున్నాను.

మర్నాడే వెళ్ళి మందు మార్పించుకున్నాను. ఇప్పుడు లాబెటలాల్, రోజుకు రెండుసార్లు. సాయంత్రానిది తరచూ మర్చిపోతున్నాను.