మా ఇంటి ఒకటో తరగతి

మా అమ్మ ఇంటర్ వరకే చదివింది, అదీ తెలుగు మీడియంలో. 2020లో మా తమ్ముడి ఒకటో తరగతి మొత్తం ఆమే చెప్పింది. ఆ ఏడాది నేను చేసిన ఒక పని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఈ సంచికకి ఏం రాయాలా అని కూర్చుంటే అదే గుర్తొచ్చింది.

మాది ఖమ్మం. నాన్నకి చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. అసలు ఆదాయం పెళ్లి పత్రికల మీదే. మార్చిలో లాక్‌డౌన్ పడేసరికి ఎండాకాలం ముహూర్తాలన్నీ పోయాయి. తర్వాత జరిగిన పెళ్లిళ్లకి యాభై మందికే పర్మిషన్. యాభై మందికి పత్రికలెవరు కొట్టిస్తారు? వాట్సాప్‌లో ఒక ఫొటో పెడితే అయిపోయె.

జూన్‌లో ఫీజుల మాట వచ్చింది. నేను తొమ్మిదిలోకి, తమ్ముడు ఒకటిలోకి. ఇద్దరికీ కట్టలేనని నాన్న రాత్రి అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పాడు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ కూడా ఒక్కటే, అది నా ఆన్‌లైన్ క్లాసులకి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి గానీ అవి మూడో తరగతి నుంచే. ఒకటో తరగతి వాడికి టీవీలో కూడా బడి లేదు.

"ఈ ఒక్క ఏడాది వాడికి నేను చెప్తాలే" అంది అమ్మ. కూర వడ్డిస్తూ అంది, అదేదో చిన్న పనైనట్టు.

మొదటి వారం అచ్చం స్కూల్లాగే పెట్టింది. గోడకి టైమ్‌టేబుల్, తొమ్మిది నుంచి పన్నెండు దాకా క్లాసులు. మూడో రోజుకి తమ్ముడు మంచం కింద దూరాడు. ఎంత పిలిచినా రాడు. అమ్మ కాసేపు నిలబడి చూసి, గోడ మీద కాగితం పీకేసింది. అప్పట్నుంచి పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. అదే జూలైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో, ఎనిమిదో తరగతి దాకా ఆన్‌లైన్ క్లాసులు రోజుకి రెండే ఉండాలి, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు దాటకూడదు అని ఉంది. అమ్మ అవేమీ చదవలేదు. వాడి మొహం చూసి తేల్చుకుంది.

ప్రెస్సులో కటింగ్ అయ్యాక మిగిలిన అట్టముక్కలు సంచి నిండా ఇంటికొచ్చాయి. పది ముక్కలకి ఒక రబ్బరు బ్యాండు. నలభై ఏడు అంటే నాలుగు కట్టలు, ఏడు విడి ముక్కలు. నలభై ఏడులోంచి తొమ్మిది తియ్యాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. "అప్పు తెచ్చుకోవడం" అని మా టీచర్ చెప్పినప్పుడు నాకు అర్థం కానిది వాడికి రబ్బరు బ్యాండు తీసినప్పుడు అర్థమైంది.

తెలుగుకీ అవే ముక్కలు. అక్షరం పెద్ద ముక్క మీద, ఒత్తు చిన్న ముక్క మీద. 'అమ్మ' రాయాలంటే అ, మ పెట్టి, మ కింద చిన్న ముక్క జరపాలి. మొన్న ల్యాబులో ఊరికే పైథాన్‌ని 'అమ్మ' పదం పొడవు ఎంత అని అడిగితే 4 అంది. అ, మ, కలిపే గుర్తు, మళ్లీ మ. యూనికోడ్ ఒత్తుని దాచుకునే పద్ధతి అది. మా అమ్మ అట్టముక్కలతో చేసింది కూడా ఇంచుమించు అదే. నవ్వొచ్చింది, తర్వాత కొంచెం గర్వంగా అనిపించింది.

ఇప్పుడు నా పని గురించి. ఇంగ్లీషు పాఠం ముందు రోజు రాత్రి అమ్మ డిక్షనరీ పెట్టుకుని చదువుకునేది. ఒకరోజు కథలో 'ఐలాండ్' అనే పదం వచ్చింది. అమ్మ ఉన్నది ఉన్నట్టు 'ఇస్లాండ్' అని చదివింది. పక్క గదిలో నా క్లాసు మ్యూట్‌లో ఉంది. నేను గట్టిగా నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, "ఇంగ్లీషే రాకపోతే వాడికేం చెప్తావమ్మా" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. రెండు రోజులు ఇంట్లో బడి లేదు.

మూడో రోజు తమ్ముడు పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. సరే నేనే చెప్దామని కూర్చున్నా. పది నిమిషాల్లో నా గొంతు లేచింది. ఒక్క పదం నాలుగుసార్లు చెప్పినా వాడు మర్చిపోతున్నాడు. "ఇది కూడా రాదా?" అన్నాను. వాడు ఏడుస్తూ అన్నాడు: "అమ్మకి రాకపోతే నాకూ తెలీదురా, చూద్దాం పట్టు అంటది."

అప్పుడు తెలిసింది నేనేం పాడుచేశానో. అన్నేళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివినా, తెలీదు అని క్లాసులో ఒక్కసారీ చెయ్యి ఎత్తలేదు నేను. నవ్వుతారని భయం. ఆ నవ్వేవాడు మా ఇంట్లో నేనే అయ్యాను.

సారీ చెప్పడం నాకు చేతకాలేదు. సాయంత్రం ఫోన్‌లో డిక్షనరీ తెరిచి, పదాన్ని పలికి వినిపించే గుర్తు ఎక్కడుందో అమ్మకి చూపించా. "ముందే చూపించొచ్చు కదరా" అంది. అంతే. ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదికి ఫోన్ అమ్మది.

2021 సెప్టెంబర్ 1న స్కూళ్లు తెరిచారు. తమ్ముణ్ణి వేరే స్కూల్లో చేర్పించడానికి వెళ్లాం. లెక్కలు గబగబా చేశాడు. ఇంగ్లీషు చదవమంటే తడబడ్డాడు. మళ్లీ ఒకటిలోనే కూర్చోబెడతామన్నారు. అమ్మ మొహం చూడలేకపోయాను. బడి మానేసిన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఉందని అప్పుడు మాకెవరికీ తెలీదు. అమ్మే అడిగింది: "ఒక నెల రెండులో కూర్చోబెట్టి చూడండి మేడమ్. రాకపోతే మీరన్నట్టే." ఒప్పుకున్నారు. నెల తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు వాడు ఆరో తరగతి. చేతిరాత ఘోరం, ఇంగ్లీషు పర్వాలేదు. మళ్లీ ఇంట్లోనే చదువు చెప్తావా అంటే అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతుంది.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే, రికర్షన్ అంటే ఏంటని తమ్ముడు అడిగాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయా. నాకే సరిగ్గా తెలీదు.

"చూద్దాం పట్టు" అన్నాను.

వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది.