షా ప్రయాణం

మొన్న మా అధ్యయన తరగతిలో ఇరాను ప్రసక్తి వచ్చినప్పుడు ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ, క్యాన్సరుతో చచ్చిపోతున్న మనిషికి తలదాచుకొనే చోటు లేకుండా చేయడం అన్యాయం కాదా?" అన్నది. మిగతావాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రోగి మీద జాలి తప్పంటే నేనొప్పుకోను.

మహమ్మద్ రెజా షా పహ్లవీ 1979 జనవరి 16న తెహరాను విడిచాడు. ఈజిప్టు, మొరాకో, బహామాస్, మెక్సికో, అమెరికా, పనామా తిరిగి, మళ్ళీ ఈజిప్టు చేరి, 1980 జూలై 27న కైరోలో చనిపోయాడు. 1977 డిసెంబరు 31 రాత్రి అతని విందులో కూర్చొని, ఇరాను సుస్థిరతా ద్వీపమని పొగిడిన కార్టరు దొరే, అతణ్ణి తన గడప తొక్కనివ్వడానికి నెలల తరబడి వెనుకాడాడు.

అయితే ప్రవాసమంటే విమానాలెక్కడమేనా? 1951లో చమురును జాతీయం చేసిన ముసద్దిఖ్ ప్రభుత్వాన్ని 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటిషు గూఢచారులు కూలదోయించారు. అప్పటికే రోముకు పారిపోయిన షా ఆ కుట్ర పుణ్యాన తిరిగివచ్చి గద్దెనెక్కాడు. ముసద్దిఖ్ మూడేళ్ళు జైల్లో వున్నాడు. ఆ తరువాత 1967లో చనిపోయేదాకా అహ్మదాబాదు అనే పల్లెలో (మన గుజరాతు పట్నం కాదు) సొంత ఇంట్లోనే బందీ. ఆయన్ని పూడ్చింది కూడా ఆ ఇంట్లోనే.

షాను దించిందెవరంటే అందరూ ఖొమైనీ బొమ్మ చూపుతారు. నేను చమురు కార్మికుల పేరు ముందు చెబుతాను. 1978 చివరి నెలల్లో అబాదాను శుద్ధి కర్మాగారంలోనూ ఖూజిస్తాను బావుల దగ్గరా వాళ్ళు పని మానేశారు. రోజుకు 50 లక్షల పీపాలకు పైగా తోడే దేశంలో డిసెంబరు ఆఖరుకు ఎగుమతులు ఆగిపోయాయి. సైన్యాన్ని దించారు. సిపాయి బావి దగ్గర కాపలా కాయగలడు గాని, నూనె తోడగలడా?

ఇక నా సంగతి. అప్పుడు నేను గుంటూరులో చదువుకుంటున్నాను. షా వెళ్ళిపోయాడని రేడియోలో విని హాస్టల్లో మిరపకాయ బజ్జీలు పంచుకున్నాం. రేపటి రాజ్యం ఎవరిదని ఒక్కడూ అడగలేదు, నేనూ అడగలేదు. 1983లో తూదే పార్టీని నిషేధించారు, నాయకుల్ని చెరలో పెట్టి టెలివిజనులో తప్పులు ఒప్పించారు. 1988లో జైళ్ళలో వేలమంది రాజకీయ ఖైదీలను చంపారు. ఇదంతా తెలిసీ చాలా ఏళ్ళపాటు నేను ఆ పాఠాన్ని 1979 దగ్గరే ఆపేసేవాణ్ణి. గంట కొట్టారనే వంక ఒకటి ఎప్పుడూ వుండేది.

మొన్న ఆపలేదు, చివరిదాకా చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు వూరుకొని, "మరి ఆ చమురు కార్మికులు ఏమయ్యారు మాస్టారూ?" అన్నది. వచ్చే ఆదివారం తరగతి అక్కడినుంచే మొదలుపెడుతున్నాం.