మెట్లును చేయూతయు

విద్య ఏదైనను మెట్టు వెంబడి మెట్టుగా ఎక్కవలసినదే. మగ్గము ముందు కూర్చుండిన బాలుడు మొదటి దినముననే చీర నేయలేడు. వీణ చేతబట్టిన బాలిక మొదటి మాసముననే కచేరి చేయలేదు. ముందు చేతికి అలవాటు కావలెను; తరువాత మనస్సునకు పట్టుబడవలెను. లోకములో ఈ క్రమము మిక్కిలి పాతది. అయితే కంప్యూటరు తెరమీద ఆడు కొన్ని ఆటలలో గూడ ఇదే క్రమము పాటింపబడుచున్నది. ఆ ఆటలలో పాతవారు కొత్తవారియెడ నడచుకొను తీరు, విద్య నేర్చుకొను ప్రతివారును గమనింపదగినది.

ఈ ఆటలలో ప్రతి ఆటగాడును ఒక పాత్రను ధరించును. వేరువేరు దేశములలో నున్న వేలకొలది జనులు అంతర్జాలము ద్వారా ఒకే కల్పిత లోకములో, ఒకే కాలమున సంచరించుచుందురు. ఆ లోకములో ఊళ్ళు, అడవులు, గనులు, అంగళ్ళు ఉండును. ఆటగాడు తెర కట్టివేసి నిద్రించినను ఆ లోకము నడచుచునే యుండును. ఇట్టి ఆటలకు మూలపురుషుడని చెప్పదగినది 'మడ్' అను ఆట. 1978లో ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి దానిని ఆరంభింపగా, రిచర్డ్ బార్టిల్ అను మరియొక విద్యార్థి దానిని పెంపొందించెను. అందులో బొమ్మలు లేవు, అన్నియు అక్షరములే. అయినను పాతవారు, కొత్తవారు అను భేదము అప్పుడే పుట్టినది.

ఆ దేశముననే ఆండ్రూ గోవర్ అను యువకుడు తన సోదరుల తోడ్పాటుతో 2001 జనవరిలో 'రూన్‌స్కేప్' అను ఆటను వెలువరించెను. ఇందులో కట్టెలు కొట్టుట, చేపలు పట్టుట, వంట చేయుట, గని త్రవ్వుట, లోహము కరగించుట మొదలైన ఇరువదికి పైగా విద్యలు కలవు. ప్రతి విద్యకును 99 మెట్లు. పని చేసినకొలది మార్కులు చేరును. మార్కులు చేరినకొలది మెట్టు పెరుగును. మొదటి మెట్టుమీద నున్నవాడు సామాన్యమైన చెట్టును మాత్రమే కొట్టగలడు. ఓకు చెట్టును కొట్టుటకు 15వ మెట్టును, విల్లో చెట్టునకు 30వ మెట్టును, యూ చెట్టునకు 60వ మెట్టును కావలెను.

ఇందలి లెక్క వినదగినది. రెండవ మెట్టు చేరుటకు 83 మార్కులు చాలును. సామాన్యమైన చెట్టునుండి వచ్చు ఒక దుంగకు 25 మార్కులు గనుక, నాలుగు దుంగలతో ఆ మెట్టు ఎక్కవచ్చును. కాని ఏడేసి మెట్లు ఎక్కినప్పుడెల్ల కావలసిన మొత్తము సుమారు రెండింతలగును. 99వ మెట్టునకు కావలసిన మార్కులు 1,30,34,431. 92వ మెట్టునకు 65,17,253. అనగా 92 మెట్లు ఎక్కినవాడు సగము దారియే నడచినాడన్నమాట! ఒక యూ దుంగకు 175 మార్కులు. 98వ మెట్టునుండి 99వ మెట్టునకు చేరుటకే అట్టి దుంగలు ఏడువేలకు పైగా కొట్టవలెను.

ఇంత ఆలస్యము దేనికని ఎవరైనను అడుగవచ్చును. దీనికి ఆ ఆట చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 2012 చివర నిర్వాహకులు అందలి యుద్ధపద్ధతిని సమూలముగా మార్చిరి. చాలమందికి ఆ మార్పు రుచింపలేదు. అంతట 2013 ఫిబ్రవరిలో ఆటగాళ్ళ అభిప్రాయమును ఓట్ల రూపమున సేకరించి, 2007 ఆగస్టు నాటి ప్రతిని వెలికిదీసి, 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' అను పేర తిరిగి తెరచిరి. బొమ్మలు మోటువి, పని నెమ్మదియైనది. అయినను జనులు దానినే కోరి చేరిరి. 99వ మెట్టు చేరినవానికి ఆ విద్యకు గుర్తుగా ఒక ప్రత్యేకమైన అంగీని ధరించు అర్హత కలుగును. ఆ అంగీని చూచిన ప్రతివాడును దాని వెనుక నున్న గంటలను తలచుకొనును. దానికి గౌరవము కలుగుటకు కారణము ఆ గంటలే.

అయితే ఈ మెట్ల వరుసకు రెండవ వైపు కూడ కలదు. క్రింది మెట్టుమీద నిలిచి పైకి చూచువానికి అది నిచ్చెనవలె గాక గోడవలె కనిపించును. చుట్టును మెరయు కవచములు ధరించి తిరుగువారు. తన చేతిలో కంచు గొడ్డలి. పట్టిన రొయ్యలు పొయ్యిమీద మాడిపోవుచుండును. ఎవరిని ఏమి అడుగవలెనో తెలియదు. అడిగిన నవ్వుదురేమో అని భయము. ఇట్టి స్థితిలో కొందరు మొదటి గంటలోనే విడిచి వెళ్ళుదురు. కొత్తవారు నిలువని లోకములో అంగడి సాగదు, తోడు దొరకదు, కడకు పాతవారికి గూడ వెలితి యేర్పడును. కావున కొత్తవానిని ఆదరించుట దయ మాత్రమే గాదు. ఆ లోకము బ్రదుకుటకు అవసరము.

ఈ సంగతి ఎరిగియే ఆట కల్పించినవారు మొదట కొత్తవానిని ఒక చిన్న ద్వీపములో దింపుదురు. అచ్చట ఉపాధ్యాయులు ఒకరి తరువాత ఒకరు ఎదురగుదురు. ఒకరు చెట్టు కొట్టి నిప్పు రాజేసి రొయ్యలు కాల్చుట నేర్పుదురు. ఒకరు పిండి కలిపి రొట్టె చేయించుదురు. వేరొకరు తగరమును రాగిని కలిపి కంచు చేసి, దానితో బాకు చేయుట చూపుదురు. ఒక్కొక్క పని తన చేతితో చేసిన పిమ్మటనే తరువాతి ద్వారము తెరువబడును. ఆ మీదట అతడు లంబ్రిడ్జ్ అను ఊరు చేరును. అక్కడినుండి అతని పాఠశాల తోడి ఆటగాళ్ళే.

తోడివారిలో మంచివారును కలరు, చెడ్డవారును కలరు. "నీ కవచమునకు బంగారు అంచు కట్టి ఇచ్చెదను. వెల ఏమియు అక్కరలేదు" అని పిలిచి, కవచము చేతికి రాగానే మాయమగు వంచకులను గూర్చి ఆ ఆట నెరిగినవారందరును చెప్పుకొందురు. నిజమునకు కవచమునకు అట్లు అంచు కట్టు విద్య ఆ ఆటలో ఏ ఆటగానికిని లేదు. అది తెలియనివాడు గనుకనే కొత్తవాడు మోసపోవును. మాసములపాటు కూడబెట్టిన సొత్తు పోగొట్టుకొన్న బాలుని దుఃఖము కల్పితమైనది కాదు. ఒకనాడు తానును ఆ ఊరి వీధులలోనే దారి తెలియక తిరిగిన సంగతి మరచి, ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు నడచుకొనువాడు ఎన్ని మెట్లెక్కినను అల్పుడే.

ఇక మంచివారి మాట. వారిలోను రెండు తెగలు కలవు. రొయ్యలు మాడిపోయినవని చింతించుచున్న కొత్తవాని యొద్దకు ఇద్దరు పాతవారు వచ్చిరనుకొందము. మొదటివాడు సంచినిండ బంగారమిచ్చి తన దారిని పోయెను. కొత్తవాడు సంతోషించి, వస్తువులు కొని, వారము తిరుగకముందే ఏమి చేయవలెనో తోచక ఊరకుండెను. రెండవవాడు, "తమ్ముడూ, మొదటి మెట్లలో ఎవరి వంటయైనను మాడును. ఈ కోట వంటవానికి గ్రుడ్డును, పాలను, పిండిని తెచ్చి ఇచ్చితివా? ఇచ్చినచో అతని పొయ్యి వాడుకొననిచ్చును. దానిమీద రొయ్యలు ఇంత మాడవు. రమ్ము, కోళ్ళుండు చోటు చూపెదను" అని వెంట నడచెను. అతడు ఇచ్చినది ఒక్క కాసైనను లేదు. కాని మరునాడు కొత్తవాడు తానై పొయ్యి వెలిగించెను. మరికొన్నాళ్ళకు తనవలె బెదరుచున్న వేరొకనికి ఆ కోళ్ళుండు చోటు తానే చూపెను. దానమునకు చేయూతకు గల భేదమిదియే. ఎక్కుటలోని ఆనందమును దోచుకొనక, ఎక్కుటలోని భయమును తొలగించునది నిజమైన చేయూత.

ఈ ధర్మము ఇంకను స్పష్టముగా కనబడునది 'ఈవ్ ఆన్‌లైన్' అను ఆటలో. దీనిని ఐస్‌లాండు దేశపు సంస్థ యొకటి 2003 మే నెలలో వెలువరించినది. ఆటగాడు ఆకాశనౌకను నడుపుచు నక్షత్రముల నడుమ వ్యాపారమో యుద్ధమో చేయును. ఇందులో విద్య నిజమైన కాలముతో పాటు పెరుగును. ఏ విద్య నేర్వవలెనో నిర్ణయించి ఆటగాడు నిద్రించినను, బడికి పోయినను, గడియారము నడచినట్లు అది సాగుచుండును. కావున ఏండ్లు ముందుగా చేరినవానిని మొత్తపు లెక్కలో కొత్తవాడు అందుకొనుట కష్టము.

అయినను ఈ లెక్కలోనే కొత్తవానికి ఒక ఊరట దాగియున్నది. ప్రతి విద్యకును ఐదు మెట్లు మాత్రమే కలవు. మిక్కిలి సులభమైన విద్యలో మొదటి మెట్టునకు 250 మార్కులు చాలును. నాలుగవ మెట్టు చేరునప్పటికి మొత్తము 45,255 కాగా, ఐదవదానికి మొత్తము 2,56,000 కావలెను. పెక్కు విద్యలలో ప్రతి మెట్టును ఇచ్చు ఫలము సమానము. అనగా మొత్తము శ్రమలో అయిదవ వంతునకు లోపలనే అయిదింట నాలుగు పాళ్ళ ఫలము చేతికి వచ్చును! అన్నిటిలోను పాతవానితో సమానుడు కాలేని కొత్తవాడు ఏదో ఒక పనిలో త్వరలోనే పనికివచ్చును. చిన్న నౌకలో వేగముగా దూసికొనిపోయి, శత్రువుల పెద్ద నౌక పారిపోకుండ నిలిపియుంచు పని కొత్తవారికే అప్పగింతురు. ఆ నిలుపువాడు లేనిచో ఎంత గొప్ప యోధుని ఫిరంగియైనను వ్యర్థము.

ఈ సంగతిని కొత్తవారికి బోధించుటకై 2004లో ఆటగాళ్ళే ఆ కల్పిత లోకములో 'ఈవ్ యూనివర్సిటీ' అను సంఘమును నెలకొల్పిరి. అనుభవము కలవారు అచ్చట ఉచితముగా పాఠములు చెప్పుదురు. తెలిసికొన్నదానిని ఎల్లరు చదువుకొనునట్లు వ్రాసి ఉంచుదురు. నౌక ధ్వంసమైన ఆ ఆటలో అది మరల రాదు. కావున పోగొట్టుకొనగల నౌకనే నడుపవలెనన్నది అచ్చట కొత్తవారు మొదట నేర్చు నీతి. వంచనను చాలవరకు సహించు ఆ ఆటలో గూడ, కొత్తవారు కాలుమోపు తొలి ప్రాంతములలో వారిని బాధింపరాదని నిర్వాహకులు కట్టడి చేసిరి.

2016లో ఆ ఆటలో ఒకని విద్యా మార్కులను వేరొకడు కొనుక్కొనుటకు వీలు కల్పింపబడెను. నాటినుండి డబ్బు గలవాడు కొన్ని మాసముల నిరీక్షణను ఒక్క దినముతో దాటగలడు. కాని ఎప్పుడు పోరవలెనో, ఎప్పుడు తప్పుకొనవలెనో, ఎవరిని నమ్మవలెనో చెప్పు తెలివి ఏ అంగడిలోను దొరకదు. అట్లు కొన్న పెద్ద నౌకను నడుపనేరక పోగొట్టుకొనువారును ఉందురు.

ఇంత చెప్పినను ఒక మాట మరువరాదు. తెరమీద ఏడువేల దుంగలు కొట్టినవాని చేతికి నిజమైన గొడ్డలి పట్టు రాదు. అందు పెరుగునది పాత్ర విద్య. ఆడువాని విద్య కాదు. చదువునకును, నిద్రకును, ఆరుబయటి ఆటకును చెందవలసిన గంటలను దానికి అర్పించువాడు ఒక నిచ్చెన ఎక్కుటకై వేరొక నిచ్చెన దిగుచున్నాడు. కాని మితముగా ఆడిన వివేకవంతుడు ఆ లోకమునుండి రెండు గుణములను వెంట తెచ్చుకొనగలడు. ఒకటి, దూరముననున్న మెట్టును చూచి దిగులుపడక నేటి మెట్టును నేడు ఎక్కు ఓర్పు. రెండవది, క్రింది మెట్టుమీద బెదరుచున్నవానిని చూచినప్పుడు ఆగి దారి చూపు మంచితనము. తరగతిలో కొత్తగా చేరి, ఎవరితోను మాటలాడక కడపటి బల్లమీద కూర్చుండు బాలునకు కూడ కావలసినది ఆ రెండవ గుణమే.